గుంయ్‌మనే మోత ఎక్కడిది?

ఘంటసాల పాట పెడితే చాలు, వెనకాల సన్నగా గుంయ్‌మని మోత. కరెంటు బాగాలేదు, దాన్ని వడగట్టే పవర్ కండిషనర్ కొనమన్నారు. కొనే ముందు ఒక్కో వైరూ పీకి చూశాను. కేబుల్ టీవీ వైరు తీయగానే మోత ఆగిపోయింది! ఆంప్లిఫయర్‌దో ఎర్తు, కేబుల్‌దో ఎర్తు. రెంటి మధ్యా 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతోంది.

గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ఆంప్లిఫయర్ ఎలాగూ డీసీగా మార్చుకుంటుంది. లోపలి కెపాసిటర్లు దాని ఎగుడుదిగుళ్లు సరిచేస్తాయి. అందుకే కండిషనర్‌తో కరెంటును బయట ఇంకోసారి వడగట్టి చూసినా నా చెవికి తేడా తెలియలేదు, టీవీ బొమ్మలోనూ కనిపించలేదు.

వోల్టేజి పడుతూ లేస్తూ ఉండే ఊళ్లలో స్టెబిలైజర్ మాత్రం ఉండాలి. అది పాటకోసం కాదు, పెట్టె కాలిపోకుండా. కండిషనర్‌కి పెట్టే డబ్బుతో ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఎండాకాలం ఎర్త్ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పొయ్యండి.