ఉత్తర తెలంగాణ గోదావరి తీరంలో కొయ్యపడవ: నిర్మాణం – పదజాలం

వ్యాససంగ్రహం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు గోదావరి సరిహద్దు. నది ఈ రెండు ప్రాంతాలను వేరుచేస్తే, పడవ వాటిని కలిపింది. చేతిపనితో తయారయ్యే చిన్న కొయ్యపడవ నిర్మాణక్రమాన్ని, ఆ క్రమంలోని కార్యకారణ సంబంధాన్ని, దానితో ముడిపడిన తెలుగు పదాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వస్తువు కనుమరుగైతే పదం నిఘంటువులో మిగిలినా దాని అర్థం సన్నగిల్లుతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: గోదావరి, ప్రాణహిత, పడవ, పుట్టి, సంగడి, అణియము, అమరము, వృత్తిపదాలు.

1. ప్రవేశిక

కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశించే గోదావరి బాసర, ధర్మపురి, మంథని ప్రాంతాల మీదుగా సాగి కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకుంటుంది. వంతెనలు లేని కాలంలో ఒక ఒడ్డున ఉన్నవారికి ఎదుటి ఒడ్డున పొలం, చుట్టరికం, సంత, తీర్థం ఉంటే దాటడానికి పడవే ఆధారం. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ తీరం జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల వంటి కొత్త జిల్లాల మధ్య పంచుకోబడింది. అయినా రేవుకు అటూ ఇటూ ఉన్న బంధుత్వాలు పాత పటం ప్రకారమే నడుస్తున్నాయి.

2. చారిత్రక నేపథ్యం

పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల తొలి శాతవాహనుల నాణేలు లభించిన స్థలం. మలి శాతవాహనులు రెండు తెరచాప స్తంభాలున్న ఓడ బొమ్మతో నాణేలు ముద్రించారు. ఆ నాణేలు తూర్పుతీరానికి చెందినవి కాబట్టి వాటిలోని ఓడను కోటిలింగాల రేవుకు ఆపాదించలేం. ఒకే రాజవంశం పరిధిలో నదీతీరమూ సముద్రతీరమూ ఉండేవని మాత్రం అవి గుర్తుచేస్తాయి.

ఆధునిక కాలంలో ఆర్థర్ కాటన్ ఎగువ గోదావరిని జలమార్గంగా మార్చాలని ప్రయత్నించాడు. వార్ధా లోయ పత్తిని నీటిమీదుగా సముద్రానికి చేర్చడం ఆ పథకం లక్ష్యం. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహితపై దేవలమర్రి వద్ద ఉన్న మూడు రాతి అడ్డంకులను దాటించాలని పనులు తలపెట్టారు. 1867లో రైలు నాగపూర్ చేరింది. 1871లో జలమార్గం పనులు ఆగిపోయాయి. పెద్ద ఓడలకు దారి దొరకని ఈ నదిలో, రాతినేల మీదుగా తక్కువ లోతులో సాగగల చిన్న పడవే నిలిచింది.

3. పడవ భేదాలు

వెదురు దబ్బలతో బుట్టలా అల్లి పైన తోలు కప్పినది పుట్టి. దీనినే అరిగోలు అనీ అంటారు. అడుగు చదునుగా ఉన్నందున అది లోతు లేని నీటిలోనూ తేలుతుంది, కానీ ఆకారం గుండ్రంగా ఉన్నందున తెడ్డు వేయగానే తిరుగుతుంది. చెట్టు మొద్దును తొలిచి చేసినది దోనె. కొల్లేరు ప్రాంతపు తాటిదోనె ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. రెండు దోనెలను జతకట్టినది సంగడి. స్నేహితుడిని ‘సంగడికాడు’ అనడంలోనూ ఈ జతకూడటమే ఉంది. ‘ఎర్రసముద్ర యాత్ర’గా తెలిసిన తొలి శతాబ్దపు గ్రీకు గ్రంథం మొద్దులను కలిపి కట్టిన పెద్ద నావలను ‘సంగర’ అని పేర్కొంది. ఎముకల గూడుకు బల్లలు బిగించి కట్టినది కొయ్యపడవ. మిగిలిన వాటికంటే దీనికి వడ్రంగి నేర్పు ఎక్కువగా కావాలి.

4. నిర్మాణక్రమం

*4.1 కలప:* ఆదిలాబాద్ అడవుల టేకు పడవకు శ్రేష్ఠం. టేకులోని సహజ తైలం చెదను, కుళ్లును నిరోధిస్తుంది, ఇనుప మేకులను త్వరగా తుప్పుపట్టనివ్వదు. భోజునికి ఆపాదితమైన ‘యుక్తికల్పతరువు’ కలపను బరువు, గట్టిదనం, అతుకుకు లొంగే గుణం ఆధారంగా నాలుగు జాతులుగా విభజించింది. వర్ణాల పేర్లు పెట్టినా ఆ విభజనలోని పరిశీలన వడ్రంగిదే. అడుగుదూలానికి గట్టి కలప, పక్కబల్లలకు తేలికగా వంగే కలప కావాలన్న నియమం నేటికీ చెల్లుతుంది.

*4.2 గూడు:* మొదట పడవ పొడవునా అడుగుదూలాన్ని నిలుపుతారు. దాని ఒక కొస అణియము, అంటే ముందుభాగం. రెండవ కొస అమరము, అంటే చుక్కాని ఉండే వెనుకభాగం. దూలానికి అడ్డంగా పక్కటెముకల వంటి వంపుకర్రలు అమరుస్తారు. సహజంగా వంగిన కొమ్మనే ఎముకగా ఎంచుకుంటే కలప పోగులు వంపు వెంటే సాగుతాయి. నిటారు కర్రను వంపుగా కోస్తే పోగులు మధ్యలో తెగి అక్కడే విరుగుతుంది. అందువల్ల అడవిలో చెట్టును చూసే కన్ను కూడా పడవ నిర్మాణంలో భాగమే.

*4.3 బల్లలు:* రంపంతో కోసిన బల్లలను బాడిసతో చెక్కి, చిత్రికపట్టి, అంచుకు అంచు సరిపోయేలా చేస్తారు. ముందుగా బర్మాతో రంధ్రం చేసి మేకు దించకపోతే బల్ల పగులుతుంది. మేకు కొసను లోపలివైపు వంచి కొడితే అలల కదలికకు అది ఊడిరాదు.

*4.4 సందులు:* బల్లల మధ్య సందుల్లో నార లేదా పత్తి వత్తులు కూరి, నూనెలో కరిగించిన గుగ్గిలం లేదా తారు పూస్తారు. పడవ నీటిలో దిగాక కొయ్య ఉబ్బి సందులు మరింత బిగుసుకుంటాయి. వేసవిలో నది పాయలుగా చీలి, పడవ ఇసుకమీద ఎండినప్పుడు కొయ్య కుదించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. కాబట్టి వానకాలానికి ముందు మళ్లీ వత్తులు కూరి, పడవను నీటిలో నాననివ్వడం తప్పనిసరి. ఈ పని ఒక్క ఏడు మానినా కొత్త పడవ కూడా కారుతుంది.

5. గడ, తెడ్డు, తెరచాప

లోతు తక్కువైన చోట వెదురు గడను నేలకు ఆనించి తోస్తారు. గడ అందని చోట తెడ్డు వేస్తారు. తెరచాప విషయంలో గాలిదిశ ముఖ్యం. ఉత్తర తెలంగాణలో గోదావరి స్థూలంగా తూర్పుకు ప్రవహిస్తుంది. నది నిండుగా ఉండే వానకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది. అంటే గాలీ ప్రవాహమూ ఒకే దిక్కుకు సాగుతాయి. వాలుకు పోయేటప్పుడు తెరచాప అవసరం తక్కువ, ఎదురెక్కేటప్పుడు అది పనికిరాదు. డెల్టాలో మధ్యాహ్నపు సముద్రపు గాలి ప్రవాహానికి ఎదురుగా వీచి, ఎదురెక్కే పడవకు తోడ్పడుతుంది. గాలికి ఏటవాలుగా పోవాలంటే పడవ అడుగున లోతైన పలక ఉండాలి. రాళ్లున్న నిస్సార జలంలో ఆ పలక తగిలి విరుగుతుంది. కాబట్టి ఎగువన గడకు, దిగువన తెరచాపకు ప్రాధాన్యం ఏర్పడటాన్ని నేర్పులోని హెచ్చుతగ్గులుగా కాక, నది స్వభావంగా అర్థం చేసుకోవాలి.

6. బరువు – ప్రాణరక్షణ

పడవ తాను తొలగించిన నీటి బరువు మేరకే మోయగలదు. 4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న పడవ 25 సెంటీమీటర్లు మునిగిందనుకుందాం. కొసలు సన్నబడటం వల్ల ఆ ఘనపరిమాణంలో సగమే లెక్కిస్తే తొలగే నీరు 0.6 ఘనపు మీటర్లు, అంటే 600 కిలోలు. పడవ బరువు 200 కిలోలైతే మిగిలేది 400 కిలోలు, సుమారు ఆరుగురు మనుషులు. ఆ పైన ఎక్కే ప్రతి మనిషికీ పడవ ఇంచుమించు 2 సెంటీమీటర్లు దిగుతుంది. నిలకడ నీటిలో ఇది చిన్న తేడాగా కనిపించినా, వరదనీటి అలకు అంచు దాటడానికి అదే చాలు. అందరూ ఒకేసారి ఒక పక్కకు జరిగితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రేవులో ‘ఇంక చాలు’ అనే సరంగు మాటకు ఇంత లెక్క ఆధారంగా ఉంది.

7. పదజాల పరిరక్షణ

శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి వంటి జలాశయాలు నది స్వరూపాన్ని మార్చాయి. వంతెనలు రేవుల అవసరాన్ని తగ్గించాయి. ఇది ప్రజలకు మేలే. ఫైబర్ పడవకు ఏటా వత్తులు కూరే పని లేదు. చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు దానిని ఎంచుకోవడం సహజం. కానీ కొయ్యపడవతో పాటు దానిని కట్టే వడ్రంగి, మేకు సాగదీసే కమ్మరి, నడిపే బెస్త కలిసి వాడిన మాటలు కూడా వెళ్లిపోతున్నాయి. అణియము, అమరము నేటి పాఠకుడికి నిఘంటు శబ్దాలు మాత్రమే.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశానికి శ్రీకారం చుట్టారు. పనిచేసేవారి నోటినుంచే పదాన్ని సేకరించాలన్నది ఆ కృషి నేర్పిన పాఠం. ఉత్తర తెలంగాణ నదీవృత్తులకు ఆ పద్ధతిని వర్తింపజేసేటప్పుడు పదాన్ని, దాని అర్థాన్ని రాసుకుంటే సరిపోదు. ఆ భాగం ఏ కలపతో, ఏ పనిముట్టుతో, ఏ కారణంచేత అలా చేస్తారో కూడా నమోదు చేయాలి. ఒకే భాగానికి ఎడమ ఒడ్డున, కుడి ఒడ్డున వేరువేరు పేర్లుంటే రెండింటినీ గ్రహించాలి. ప్రాణహిత ఆవలి సిరోంచ తెలుగువారి మాటనూ చేర్చాలి.

8. ముగింపు

కొయ్యపడవలోని ప్రతి భాగం నది పెట్టిన ఒక నియమానికి సమాధానం. రాతినేల దాని అడుగును నిర్ణయించింది, వేసవి ఎండ ఏటా చేసే మరమ్మతును నిర్ణయించింది, గాలిదిశ తెరచాప పరిమితిని నిర్ణయించింది. ఆ నియమాలు తెలిసినవారి దగ్గరే వాటి పేర్లూ ఉన్నాయి. పడవలు కట్టిన చేతులు ఇంకా మిగిలి ఉండగానే ఈ సేకరణ జరగాలి. ఆలస్యమైతే పడవ బొమ్మ దొరకవచ్చు, పదమూ దొరకవచ్చు. బొమ్మలోని ఏ భాగం పేరు ఏదో చూపించే వేలు మాత్రం ఉండదు.