వలసకు ముందు పోలీసు పత్రము

పరదేశమున స్థిరపడగోరి కెనడా ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టుకొనువానికి, తన విద్యను, వృత్తిని, ఆరోగ్యమును, ధనస్థితిని నిరూపించుకొన్న పిమ్మటను, నిరూపింపవలసిన విషయ మింకొకటి మిగిలియుండును: తాను కాపురముండిన దేశములలో తనపై నేరచరిత్ర యున్నదా లేదా, యున్నచో నది యెట్టిది యనునది. దీనికి సాక్ష్యముగా నాయా దేశముల పోలీసు శాఖ గాని తత్సమానమైన యధికార సంస్థ గాని యిచ్చు పత్రమునే మనవారు పీసీసీ యని వ్యవహరింతురు. ఇది శీలమునకు యోగ్యతాపత్రము కాదు. దస్తరములలో నున్నదానిని మాత్రమే యిది చెప్పును.

నియమ మేమన, గడచిన 10 సంవత్సరములలో ఏ దేశమున నెడతెగక 6 నెలలు గాని అంతకు మించి గాని నివసించిరో, ఆ దేశమునుండి పత్రము తేవలెను. 18 ఏండ్లు నిండకమునుపటి కాలమునకును, కెనడాలోనే గడపిన కాలమునకును అక్కరలేదు. గుంటూరున పుట్టి, టెక్సాసున చదివి, దుబాయిలో రెండేండ్లు కొలువు చేసి, యిప్పుడు హైదరాబాదున నున్న యింజనీరు, ఇదంతయు పదేండ్లలోపలిదైనచో, మూడు ప్రభుత్వముల గుమ్మములు తొక్కవలసియుండును. 18 నిండిన యతని కుటుంబసభ్యులకును ఇదే నియమము వర్తించును. అమెరికా వలస వీసాకు లెక్క వేరు. అక్కడ 16 ఏండ్ల వయస్సును, పూర్వము నివసించిన యితర దేశముల విషయమున 12 నెలల నివాసమును పరిమితులుగా గ్రహింతురు.

మన దేశపు పత్రము సంపాదించుట కష్టము కాదు. పాస్‌పోర్టు సేవా కేంద్రమున 500 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 2022 సెప్టెంబరు నుండి తపాలా కార్యాలయములలోని సేవా కేంద్రములలోను ఈ సౌకర్యము కలిగినది. విదేశమున నున్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయము ద్వారా పొందుదురు. విహారయాత్రకు పోవువారికి మాత్ర మీ పత్ర మీయరు.

అసలు శ్రమ విడిచివచ్చిన దేశముల విషయమున గలదు. అమెరికాలో నివసించినవారు పది వ్రేళ్ల ముద్రలు వేయించి, 18 డాలర్ల రుసుముతో అక్కడి కేంద్ర నేరపరిశోధక సంస్థయగు ఎఫ్‌బీఐకి పంపి, తమ చరిత్రసారమును తెప్పించుకొనవలెను. కెనడా శాశ్వత నివాసమునకైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మార్గమున దరఖాస్తునకు ఆహ్వానము వచ్చినది మొదలు దరఖాస్తు సమర్పించుటకు గడువు 60 దినములే గావున, ఆహ్వానము చూచిన పిమ్మట పరుగులు తీయుట ప్రమాదకరము. ఇచ్చట నొక సూక్ష్మము గలదు, దానిని తెలిసినవారు సుఖపడుదురు: ఇప్పుడు నివసించు దేశపు పత్రము దరఖాస్తు నాటికి 6 నెలలకు మించి పాతబడి యుండరాదు గాని, విడిచివచ్చిన దేశపు పత్రము, అక్కడి నివాసము ముగిసిన తరువాత జారీయైనదైనచో చాలును. కావున దూరపు పత్రములను ముందుగా, ఆహ్వానమునకై వేచియుండకయే తెప్పించుకొని, మన పీసీసీని చివరకు తీసికొనుట వివేకము. అంతటి ప్రయత్నము చేసినను గడువులోపల రానిచో, దరఖాస్తు చేసితిమని చూపు రశీదును వివరణపు లేఖతో జతపరుపవలెను. ఇంటిపేరు మారిన స్త్రీలు, ఈ దరఖాస్తులలో తమ పూర్వనామములను దాచక వ్రాయవలెను.

ఇక కేసు లున్నవారి భయమును గూర్చి. చిన్న కేసే కదా, యెవరికి తెలియునని దానిని దాచిపెట్టుటను నేను ఘోరమైన పొరపాటుగా నెంచుదును. అసత్యకథనము బయటపడినచో కెనడా చట్టము 5 సంవత్సరముల నిషేధము విధించును, ఆ నేరమునకు పడిన శిక్షకంటె నది తరచు పెద్దదగును. మద్యము త్రాగి వాహనము నడపుటను మన యూళ్లలో జరిమానాతో తీరిపోవు విషయముగా తలంచెదరు గాని, 2018 డిసెంబరు నుండి కెనడాలో దానికి గరిష్ఠశిక్ష 10 ఏండ్లు. ఆ కారణముచే విదేశమున నట్టి నేరమునకు శిక్షపడినవారిని ప్రవేశమునకు అనర్హులుగా నెంచవచ్చును. అయినను మార్గము మూసికొనిపోలేదు: శిక్ష పూర్తిగా ముగిసి 5 సంవత్సరములు గడచినవారు, తీర్పు నకలుతోను జరిమానా చెల్లించిన రశీదుతోను, ఆ యనర్హతను తొలగించు ‘రిహాబిలిటేషన్’ అను అనుమతికై వేరుగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును.