బంతికి ఆకుమాడు తెగులు: ఏ మందు పనిచేస్తుందో తేల్చేదెలా?

కరీంనగర్/ఆదిలాబాద్: బతుకమ్మ తొమ్మిది రోజులు, ఆపై దసరా, దీపావళి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బంతి వేసిన రైతుకు నాలుగు డబ్బులు కళ్లజూసే కాలమిదే. సరిగ్గా అప్పుడే ముసురు పడితే ఆకుమాడు తెగులు తోటను చుట్టుముడుతుంది. దుకాణంలో ఇచ్చిన మందు కొట్టినా తగ్గకపోవడంతో పెట్టుబడి, పూలు రెండూ దక్కవు. మందు ఎంపికలో పొరపాటే ఇందుకు ఒక ముఖ్య కారణం.

తెగులు తీరు

ఆల్టర్నేరియా అనే శిలీంద్రం దీనికి మూలం. ముందుగా కింది ఆకులపై గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. అవి పెద్దవై కలిసిపోవడంతో ఆకు మాడుతుంది. మొగ్గలకూ, రేకులకూ సోకుతుంది. గాలి, వాన చినుకుల ద్వారా వ్యాపిస్తుంది. రాలిన ఆకుల్లో బతికి మరుసటి పంటకు చేరుతుంది.

పరీక్ష ఇలా

శాస్త్రవేత్తలు తెగులు సోకిన ఆకు నుంచి శిలీంద్రాన్ని వేరుచేసి, మందు కలిపిన పోషక పదార్థంపై గాజు పళ్లెంలో పెంచుతారు. మందు లేని పళ్లెంలో అది 80 మిల్లీమీటర్లు, మందు ఉన్న దానిలో 20 మిల్లీమీటర్లు పెరిగిందనుకుంటే, ఆ మందు 75 శాతం పెరుగుదలను అడ్డుకున్నట్లు లెక్క. అయితే పొలంలో వాన, ఎండ ఉంటాయి. అందుకే మెరుగైన మందులను చిన్న మడుల్లో మళ్లీ పరీక్షిస్తారు. మందు కొట్టని మడితో పోల్చి తెగులు తీవ్రత, పూల దిగుబడి నమోదు చేస్తారు.

ఏది ఎప్పుడు?

రైతులు ఎక్కువగా వాడే కార్బెండజిమ్ ఈ శిలీంద్రంపై అంతగా పనిచేయదు. మాంకోజెబ్ ఆకు పైపొరను కాపాడే మందు కనుక మచ్చలు కనిపించగానే లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. ముసురు రోజుల్లో జిగురు మందు కలపాలి. తీవ్రమైతే ఆకులోకి చొచ్చుకుపోయే ప్రొపికొనజోల్ లీటరుకు 1 మిల్లీలీటరు వాడాలి. ఒకే మందును పదేపదే కొడితే శిలీంద్రం తట్టుకునే శక్తి పెంచుకుంటుంది. కాబట్టి మార్చి మార్చి వాడాలి.

రైతులు పాటించాల్సినవి

* నాలుగు సాళ్లకు మందు కొట్టకుండా వదిలి, వారం తర్వాత పోల్చి చూడాలి. తేడా లేకుంటే ఆ మందుపై ఖర్చు వృథా.
* పూలు కోశాకే పిచికారీ చేయాలి. బతుకమ్మ పేర్చేది ఆడబిడ్డల చేతులతోనేనని మరవరాదు.
* మాడిన ఆకులను ఏరి కాల్చివేయాలి. సాళ్ల మధ్య గాలి ఆడేలా చూడాలి.

మచ్చలన్నీ ఈ తెగులువే కావు. బాక్టీరియా వల్ల వచ్చే మచ్చలకు ఈ మందులు పనిచేయవు. మందు కొనడానికి ముందే ఆకు నమూనాను జగిత్యాల సమీపంలోని పొలాస పరిశోధన స్థానంలో గాని, జమ్మికుంట, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో గాని చూపించుకోవడం మేలు.