కాలి బొటనవ్రేలి వాపు – రైతులకు హెచ్చరిక



కాఫీపండ్లు కోతకు వచ్చిన వేళ జి.మాడుగుల సీమలో ఒక రైతు రాత్రికి రాత్రి మంచమున పడెను. సాయంకాలము వరకు తోటలో నడచినవాడే. తెల్లవారుసరికి బొటనవ్రేలి కీలు ఎఱ్ఱబడి, వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేకుండెను. చిల్లంగి యని కొందఱు, గాలి సోకెనని కొందఱు పలికిరి. పది దినముల కోత పోయెను.

ఇది వాతరక్తము, దీనినే గౌటందురు. నెత్తుటిలో యూరికామ్లము మితిమీఱినచో సూదులవంటి స్ఫటికములై కీళ్ళలో చేరును. ప్యూరినులను పదార్థములు విఱిగి యీ యామ్లమగును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో ఫిస్కేతో గూడి కండరములందు కనుగొనిన ఏ.టి.పి. యందును ప్యూరిన్ భాగము గలదు. జీవకణములున్న చోటనెల్ల ఇవి యుండును. కావున యూరికామ్లములో మూడింట రెండు వంతులు మన దేహమునందే పుట్టును. తక్కినది ఆహారమువలన గలుగును.

మడిలో నీరు నిలుచుట రాక హెచ్చుటచేతనే కాదు, పోవు దారి పూడుటచేతను గదా! ఈ యామ్లమును వెడలించు కాలువ మూత్రపిండములు. మద్యము ఆ కాలువను అడ్డగించును. సారా గాని, బీరు గాని, జీలుగుకల్లు గాని మానవలెను. కార్జము, ఎండు నెత్తళ్ళు, మితిమీఱిన మాంసము, సీసాలలోని తీపి పానీయములు తగ్గింపవలెను. చోడి అంబలి, సామల అన్నము, కూరగాయలు, పలుచని మజ్జిగ మేలు. మనము పండించు రాజ్మాను విడువ బనిలేదు. పప్పుగింజలలోని ప్యూరినులు మాంసములోని వానివలె కీడు చేయవు. చలిదినములందు దాహము తోపకున్నను నీరు త్రాగవలెను. గుండె, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యునడిగి త్రాగవలెను. స్థూలకాయులు మెల్లగా తగ్గవలెనే గాని కఠినోపవాసములు చేయరాదు. అవి నొప్పిని రేపును.

ముఖ్యముగా నొకమాట. నిప్పుమంటవంటి పూవులు పూయు అడవినాభి దుంపను నొప్పికై నూఱి మ్రింగరాదు. అందలి కోల్చిసిన్ అను ద్రవ్యమునే వైద్యులు అర మిల్లీగ్రాము మాత్రలుగా తూచి యిత్తురు. దుంపలో ఎంత యున్నదో నాలుకకు తెలియదు, ప్రాణమే పోవచ్చును.

పథ్యమొక్కటియే అందఱికి చాలదు. నొప్పి మాటిమాటికి వచ్చువారు వైద్యుడిచ్చిన మందును నొప్పి లేని దినములందును విడువరాదు. వాపుతో జ్వరమున్నచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

పై రైతు కల్లు మానెను, మందు వాడెను. మరుసటి కోతకు బుట్ట పట్టెను. ఒకమాఱు బొటనవ్రేలు వాచినవారు ఈ యేడు కోత రాకమునుపే నెత్తురు పరీక్ష చేయించుకొందురుగాక.