అల్లాయ్ చక్రాల సరిపోలిక

అల్లాయ్ చక్రాల సరిపోలిక అనగా ఒక కారుకు వాడిన మిశ్రమలోహ చక్రం మరొక కారు హబ్బుకు సురక్షితంగా అమరుతుందో లేదో కొలతల ద్వారా నిర్ధారించుకోవడం. రెండు చక్రాలకు రంధ్రాల సంఖ్య సమానంగా ఉన్నంత మాత్రాన అవి ఒకదాని బదులు ఒకటి పనికిరావు. రంధ్రాల వృత్తం, మధ్య బోరు, ఆఫ్‌సెట్, రిమ్ము కొలత, నట్టు రకం అనే ఐదు అంశాలూ కుదిరినప్పుడే చక్రం సరిపోయినట్లు. కృష్ణా డెల్టా దిగువ భాగమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో కొలతలతో పాటు ఉప్పుగాలి వలన కలిగే తుప్పును కూడా పరీక్షించవలసి ఉంటుంది.

నేపథ్యం

చక్రాన్ని ఇరుసుకు తగినట్లు అమర్చే విద్య డెల్టా గ్రామాలకు కొత్త కాదు. ఎడ్లబండి చక్రంలో కుండ, ఆకులు, పూటీలు, ఇనుప పట్టా అనే భాగాలుంటాయి. కుండ బెజ్జం ఇరుసుకు సరిగా కుదరకపోతే చక్రం ఊగుతుంది. కారు చక్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఇక్కడ తేడాను మిల్లీమీటర్లలో లెక్కించాలి.

1924లో వచ్చిన బుగాటీ టైప్ 35 పందెపు కారుకు పోతపోసిన అల్యూమినియం చక్రాలు అమర్చారు. నేటి కార్ల అల్లాయ్ చక్రాలకు ఎక్కువగా సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిపాటి మెగ్నీషియం కలిసిన అల్యూమినియం మిశ్రమాన్ని వాడుతున్నారు. ఉక్కు చక్రం పెద్ద గుంతలో పడితే సాధారణంగా వంగుతుంది. పోత అల్లాయ్ చక్రం వంగడానికి బదులు పగిలే అవకాశం ఎక్కువ. అందువలన వాడిన చక్రం కొనేటప్పుడు జాగ్రత్త అవసరం.

చక్రంపై గల రాతలు

చక్రం వెనుక వైపున, ఆకుల మీదనో మధ్య భాగంలోనో కొలతలు పోతపోసి ఉంటాయి. ఉదాహరణకు "6 జె × 15, ఈటీ 45" అని ఉంటే రిమ్ము వెడల్పు 6 అంగుళాలు, వ్యాసం 15 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు అని అర్థం. "జె" అనేది రిమ్ము అంచు ఆకారాన్ని తెలిపే గుర్తు. చక్రం మోయగల గరిష్ఠ బరువు కూడా కొన్నింటిపై ఉంటుంది. "జె.డబ్ల్యు.ఎల్." అనేది జపాను ప్రమాణాన్ని సూచించే గుర్తు. ఏ రాతా లేని చక్రాన్ని కొనకపోవడం మంచిది.

రంధ్రాల వృత్తం

నట్లు పట్టే రంధ్రాల కేంద్రాల గుండా గీసిన ఊహా వృత్తపు వ్యాసాన్ని పి.సి.డి. అంటారు. 4 × 100 అనగా 100 మి.మీ. వృత్తంపై 4 రంధ్రాలు. నాలుగు రంధ్రాల చక్రంలో ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే ఈ కొలత. ఐదు రంధ్రాల చక్రంలో ఏ రంధ్రానికీ సరిగ్గా ఎదురు రంధ్రం ఉండదు. అందుచేత పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.701తో గుణించాలి. ఆ దూరం 67.2 మి.మీ. అయితే పి.సి.డి. 114.3 అవుతుంది.

* మారుతీ స్విఫ్ట్, మొదటి తరం హ్యుందాయ్ ఐ20, నాలుగవ తరం హోండా సిటీ: 4 × 100
* ఫోర్డ్ ఫిగో: 4 × 108
* ఫియట్ పాలియో: 4 × 98
* ఫోక్స్‌వ్యాగన్ పోలో: 5 × 100
* టయోటా ఇన్నోవా: 5 × 114.3

98కీ 100కీ తేడా కంటికి కనబడదు. రెండు మూడు నట్లు ఎక్కినట్లే అనిపించినా స్టడ్లు పక్కకు వంగి బిగుసుకుంటాయి. అటువంటి స్టడ్లు నడుస్తున్న బండిలో తెగిపోవచ్చు. అమరిక కోసం రంధ్రాలను కోలగా ఆకురాయితో అరగదీసిన చక్రాన్ని ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు.

మధ్య బోరు

హబ్బు మధ్యనున్న అంచు చక్రపు మధ్య రంధ్రంలో ఇమడడం వలన చక్రం సరిగ్గా కేంద్రంలో నిలుస్తుంది. స్విఫ్ట్ బోరు 54.1 మి.మీ., సిటీ బోరు 56.1 మి.మీ. రెండింటి రంధ్రాల వృత్తం ఒకటే అయినా స్విఫ్ట్ చక్రం సిటీ హబ్బుపై కూర్చోదు. సిటీ చక్రం స్విఫ్ట్‌కు ఎక్కుతుంది గాని చుట్టూ 1 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని సరైన కొలత గల రింగుతో పూరించకపోతే వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణికే అవకాశం ఉంది. బోరును వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. టేపుతో కొలిస్తే ఈ తేడా తెలియదు.

ఆఫ్‌సెట్

రిమ్ము వెడల్పు మధ్యరేఖ నుండి, హబ్బుకు ఆనే తలం వరకు గల దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. దీనికి గుర్తయిన "ఈటీ" జర్మన్ పదం నుండి వచ్చింది. రాత చెరిగిపోయినప్పుడు చక్రాన్ని బోర్లా పెట్టి, వెనుక అంచులపై ఒక బద్దను అడ్డంగా ఉంచి, బద్ద నుండి హబ్బు తలం వరకు లోతు కొలవాలి. అందులో నుండి చక్రపు మొత్తం వెడల్పులో సగం తీసివేస్తే ఆఫ్‌సెట్ వస్తుంది. 6 అంగుళాల రిమ్ము అంచులతో కలిపి సుమారు 178 మి.మీ. ఉంటుంది, సగం 89. లోతు 134 అయితే ఆఫ్‌సెట్ 45.

5 జె, ఈటీ 45 చక్రం తీసి 6 జె, ఈటీ 35 చక్రం బిగిస్తే అది బయటికి 22.7 మి.మీ. అదనంగా పొడుచుకు వస్తుంది. టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. బేరింగుపై భారం పెరుగుతుంది. ఆఫ్‌సెట్ మరీ ఎక్కువైతే చక్రం లోపలికి జరిగి బ్రేక్ కేలిపర్‌కు గాని సస్పెన్షన్‌కు గాని తగులుతుంది.

నట్లు, బోల్టులు

స్విఫ్ట్ స్టడ్డు మర ఎం 12 × 1.25, ఐ20, సిటీలది ఎం 12 × 1.5. అందువలన చక్రాలతో పాటు అమ్మకందారు ఇచ్చే నట్లు కొన్నవారి కారుకు పట్టకపోవచ్చు. బలవంతంగా తిప్పితే మరలు పోతాయి. నట్టు ఆనే ఆకారం కూడా ముఖ్యం. హోండా కంపెనీ చక్రాలకు గుండ్రని అడుగు గల నట్లు, బయట దొరికే చాలా చక్రాలకు శంకువు ఆకారపు నట్లు అవసరం. ఒకదాని స్థానంలో మరొకటి వాడితే ఆనిక సన్నని గీతకు పరిమితమై నట్టు వదులవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలోకు స్టడ్లుండవు, బోల్టులే ఉంటాయి. స్టెప్నీ ఉక్కు చక్రమైతే కొత్త నట్లు దానికి పనికివస్తాయో లేదో చూసుకోవాలి. లేనిచో పాత నట్లను బండిలో ఉంచుకోవాలి.

టైరు కొలత

రిమ్ము పెరిగినప్పుడు టైరు గోడ ఎత్తు తగ్గించి మొత్తం వ్యాసాన్ని దాదాపు సమానంగా ఉంచాలి. 165/80 ఆర్ 14 టైరు వ్యాసం 619.6 మి.మీ., 185/65 ఆర్ 15 టైరు వ్యాసం 621.5 మి.మీ. ఈ స్వల్ప తేడా వలన స్పీడోమీటరు లెక్క చెడదు. టైరుతో సహా కొన్నప్పుడు దానిపై గల నాలుగంకెల తేదీ చూడాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

తీర ప్రాంతంలో పరీక్ష

బందరు తీరం, నాగాయలంక, కోడూరు, హంసలదీవి పరిసరాలలో గాలిలో ఉప్పు ఎక్కువ. రంగు లేచిన చోట ఉప్పుతేమ చేరి అల్యూమినియంపై తెల్లని పొడి ఏర్పడుతుంది. టైరు ఆనే అంచుపై ఇది పేరుకుంటే పంక్చరు లేకుండానే గాలి నెమ్మదిగా దిగిపోతుంది. ఉక్కు హబ్బుతో తాకే చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియమే ముందుగా తినివేయబడి చక్రం హబ్బుకు అతుక్కుపోతుంది. కనుక టైరు విప్పించి లోపలి అంచు చూడకుండా బేరం కుదుర్చుకోరాదు.

నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. అందువలన దానిపై వేసిన రోడ్లు త్వరగా ఎగుడుదిగుడు అవుతాయి. అటువంటి దారులలో తిరిగిన చక్రాల ఆకుల మొదళ్ళలోను, రంధ్రాల చుట్టూను, లోపలి అంచుపైన పగుళ్ళు వెదకాలి. వెల్డింగు చేసిన గుర్తులను, వెనుక వైపు మాత్రమే వేసిన కొత్త రంగును అనుమానించాలి. బ్యాలెన్సింగ్ యంత్రంపై తిప్పితే వంకర బయటపడుతుంది. గుడివాడ నుండి దివిసీమ వరకు చాలా దారులు కాలువ గట్ల వెంట సాగుతాయి. అక్కడ ముందు చక్రం పగిలితే బండి అదుపు తప్పి కాలువలో పడే ప్రమాదం ఉంది.

బిగించి చూడటం

డబ్బు చెల్లించే ముందు ఒక చక్రాన్ని ముందు హబ్బుకు, మరొకదానిని వెనుక హబ్బుకు బిగించి చూడాలి. జాకీపై ఉన్నప్పుడు చేతితో తిప్పితే ఎక్కడా తగలకూడదు. కిందికి దించిన తరువాత స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, నలుగురిని ఎక్కించి మళ్ళీ చూడాలి. నట్లను ఎదురెదురుగా, కారు పుస్తకంలో చెప్పిన బలంతో బిగించాలి. 50 నుండి 100 కి.మీ. నడిచిన తరువాత మరొకసారి సరిచూడాలి.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాన్ని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అందుచేత అదే నమూనాలో ఏదో ఒక రకానికి కంపెనీ స్వయంగా ఇచ్చిన చక్రపు కొలతలలోనే ఎంచుకోవడం క్షేమకరం.