పిక్క మీద అమ్మమ్మ చెయ్యి ఏం చేస్తుంది?

మిషిగన్ రాష్ట్రంలోని నోవై నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆమె ఐదేళ్ల కొడుకు పగలంతా మంచులో గంతులేస్తాడు. రాత్రి నిద్రపట్టిన కాసేపటికి ‘కాళ్లు లాగేస్తున్నాయి’ అంటూ ఏడుస్తూ లేస్తాడు. డాక్టరు చూసి, ఇవి ఎదుగుదల నొప్పులేనని, భయం లేదని చెప్పారు. ఖమ్మం నుంచి వచ్చిన అమ్మమ్మ పిక్కలు ఒత్తితే కాసేపటికి పడుకుంటున్నాడు. ‘ఒత్తడం వల్ల నిజంగానే నొప్పి తగ్గుతోందా, లేక పక్కన మనిషి ఉందన్న ధైర్యమా?’ అన్నది ఆమె సందేహం. టాఫ్ట్ రోడ్డు మీద వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఆ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఇదే సందేహం ఇంకా ఎన్నో ఇళ్లలో ఉండే ఉంటుంది.

జవాబు చెప్పేస్తాను. రెండూ నిజమే. పైగా ఆ రెండూ పనిచేసే చోటు ఒక్కటే. అది వెన్నుపాము.

ముందు నొప్పి సంగతి. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది మామూలు. రెండు కాళ్లలోనూ, పిక్కల్లో, తొడల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. తెల్లారేసరికి మాయమవుతుంది. ఫ్రెంచి వైద్యుడు ద్యుషాం 1823లో దీన్ని ఎదుగుదలకు ముడిపెట్టాడు. ఆ ముడి నిలబడదు. పిల్లలు అన్నిటికన్నా వేగంగా పెరిగేది మొదటి ఏడాదిలో, ఆ తర్వాత యుక్తవయసులో. ఈ నొప్పులేమో ఆ రెంటికీ మధ్య, ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు మాత్రమే పెరిగే వయసులో వస్తాయి. అంటే ఒళ్లంతా కలిపి రోజుకు మిల్లీమీటరులో ఆరోవంతు. ఆ తర్వాతి తరాల వైద్యులు దీన్ని కీళ్లవాత జ్వరానికి తొలి రూపం అనుకున్నారు. గుండెను దెబ్బతీసే జబ్బు కాబట్టి ఆ భయంతోనే ఎంతోమంది పిల్లలను అనుమానంగా చూశారు. 1930ల చివర్లో హాక్స్‌లీ, షపైరో వంటివాళ్లు రెంటినీ విడదీసి చూపించారు. 2004లో హాష్కెస్ బృందం ఈ పిల్లల ఒంటిమీద వేర్వేరు చోట్ల నొక్కి చూసింది. తోటి పిల్లలకు నొప్పి అనిపించని ఒత్తిడికే వీళ్లకు నొప్పి పుట్టింది. అంటే తేడా ఎముకలో కాకుండా, నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో ఉండొచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఆ దారిదే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. మంట పక్కన కాలు పెట్టిన పిల్లవాడు, ఆ కాలి నుంచి మెదడు దాకా ఒక దారం. కింద లాగితే పైన గంట మోగుతుంది, అదే నొప్పి అన్నాడు. ఆ మాటే నిజమైతే పిక్క ఒత్తినంత మాత్రాన గంట ఆగకూడదు. మూడు వందల ఏళ్లు వైద్యం చాలావరకు ఆ దారం చుట్టూనే తిరిగింది.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే పరిశోధకులు ఆ దారాన్ని తెంపారు. వెన్నుపాము వెనకభాగంలో, నరాలు వచ్చి కలిసేచోట, ఒక గేటు ఉందన్నారు. మొండిగా లాగే నొప్పిని మోసే సన్నని నరాల తంతువుల్లో కబురు సెకనుకు ఒకటి రెండు మీటర్లే నడుస్తుంది. స్పర్శను మోసే లావు తంతువుల్లో ముప్ఫై అయిదు మీటర్లకు పైనే పరుగెడుతుంది. పిల్లవాడి పిక్క నుంచి వెన్నుపాముకు అరమీటరు దూరం అనుకుందాం. అమ్మమ్మ వేళ్ల స్పర్శ సెకనులో డెబ్బయ్యోవంతు కాలంలోనే చేరిపోతుంది. నొప్పి ఇంకా దారిలోనే ఉంటుంది. చేరిన స్పర్శ అక్కడున్న అడ్డుకునే కణాలను మేలుకొలుపుతుంది. అవి నొప్పిని పైకి పంపే కణాల నోరు నొక్కేస్తాయి. చెయ్యి కదులుతున్నంతసేపూ ఈ నిరోధం సాగుతూనే ఉంటుంది.

వాల్‌కు ఈ ఊహ మీద ఎంత నమ్మకమంటే, 1967లో న్యూరోసర్జన్ విలియం స్వీట్‌తో కలిసి కంటి కిందుండే నరంలో ఎలక్ట్రోడులు గుచ్చుకుని, ముందు తమ మీదే పరీక్షించుకున్నారు. లావు తంతువులను కదిలించగానే నొప్పి మొద్దుబారింది. తర్వాతి ప్రయోగాల్లో మెల్జాక్, వాల్ గీసిన పటంలోని సన్నని తంతువుల భాగం సరిగా నిలబడలేదు కానీ, గేటు నిలబడింది.

ఆ గేటుకు పైనుంచి కూడా ఆజ్ఞలు వస్తాయి. మెదడు నుంచి దిగే నరాలు దాన్ని మూయగలవు, తెరవగలవు. భయం నొప్పిని పెంచుతుంది, భరోసా తగ్గిస్తుంది. అందుకే ధైర్యం వల్ల తగ్గిన నొప్పి ఉత్తుత్తిది కాదు. చర్మంలో మరో రకం తంతువులున్నాయని స్వీడన్ పరిశోధకులు చూపించారు. వెచ్చని చెయ్యి సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. పిక్కల మీద ఉంటాయి, అరచేతుల్లో చాలా అరుదు. ఒత్తి ఒత్తి చివర్లో మెల్లగా నిమిరే చెయ్యి రెండు దారులనూ వాడుకుంటోంది.

ఇక చేయాల్సినవి. పడుకునే ముందు పిక్కలు, తొడలు సాగదీయించండి. 1988లో కొద్దిమంది పిల్లలతో చేసిన పరీక్షలో ఇలా చేసినవాళ్లకు నొప్పులు త్వరగా తగ్గాయి. వెచ్చని గుడ్డ కాపడం మంచిదే. మరీ బాధపడితే డాక్టరు చెప్పిన మోతాదులో టైలినాల్ వేయండి. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు వద్దు. నోవై అక్షాంశం 42 డిగ్రీలు దాటింది. దాదాపు అదే అక్షాంశంలోని బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండకు చర్మం విటమిన్ డి తయారుచేసుకోలేదని తేలింది. కాబట్టి దాని గురించి డాక్టరును అడగండి. అయితే ఈ నొప్పులకు అదే కారణమని రుజువు కాలేదు. ఎప్పుడూ ఒకే కాలు నొచ్చినా, పొద్దున కుంటినా, వాపు, జ్వరం, బరువు తగ్గడం కనిపించినా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

నా బాధల్లా ఒకటే. ఎంత బలంతో, ఎంతసేపు ఒత్తితే నొప్పి ఎంత తగ్గుతుందో కొలవడం కష్టమేమీ కాదు. అయినా ఈ నొప్పికి అందరూ ఒప్పుకునే నిర్వచనమే లేదని 2022లో సిడ్నీ పరిశోధకులు తేల్చారు. ద్యుషాం రాసి రెండు వందల ఏళ్లయింది. మందుల షాపులో దొరకదు కాబట్టి ఈ వైద్యాన్ని కొలవనక్కర్లేదనుకోవడం తప్పు.