చందమామలు కంప్యూటర్లోకి ఎక్కించే ముందు పేర్లు సరిచేయండి

మా బరంపురంలో పాత తెలుగు ఇళ్ళకి వెళితే అటక మీద చందమామల కట్ట ఒకటి ఉండేది. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటిన రాత్రి ఆ కట్టలు చాలా తడిసిపోయాయి. మన సంఘం బీరువాలోకీ నీళ్ళొచ్చాయి. అప్పటినుంచే మిగిలినవి స్కాను చేసుకోవాలన్న ఆలోచన అందరికీ వచ్చింది. చాలా ఇళ్ళవాళ్ళు చేసుకున్నారు కూడా.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. బొమ్మలు ఉన్నాయి, దొరకవు. మొన్న ఒక ఇంటి కోడలు పెన్ డ్రైవ్ తెచ్చి, "మావయ్యగారు చిన్నప్పుడు చదివిన సీరియల్ వెతికి పెట్టండి, కళ్ళు కనబడనాయనకి చదివి వినిపిస్తాను" అంది. తెరిచి చూస్తే అన్నీ ఒకే ఫోల్డరులో, స్కానరు తనకి తోచినట్టు పెట్టిన నంబర్లతో ఉన్నాయి. ఏ పేజీ ఏ నెలదో తేల్చడానికి మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. నేను ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు సర్దినవాణ్ణి. నంబరు వేయని కాగితం పోయినట్టే లెక్క అని మా పాత హెడ్ క్లర్కు అనేవారు. కంప్యూటరు విషయంలోనూ అదే నిజం.

బొమ్మల పుస్తకాలు చదివే ప్రోగ్రాములు కొన్ని ఉచితంగా దొరుకుతాయి. కోమ్గా, యాక్‌రీడర్ వాటిలో రెండు. ఇవి బొమ్మలో రాసి ఉన్నది చదివి సర్దవు. ఫోల్డరు ఎలా ఉంటే అలా తీసుకుంటాయి. కోమ్గా అయితే పుస్తకాల ఫైళ్ళున్న ఒక్కో ఫోల్డరునీ ఒక్కో సిరీస్‌గా, అందులో ఒక్కో ఫైలునీ ఒక్కో పుస్తకంగా చూపిస్తుంది. అంటే 1962కి ఒక ఫోల్డరు, 1963కి ఒక ఫోల్డరు పెడితే రెండు సిరీస్‌లు కనిపిస్తాయి. అన్నీ 'చందమామ' అనే ఒక్క ఫోల్డరులో పెడితే మొత్తం ఒకే వరసలో వస్తుంది. నా మటుకు నాకు ఏడాదికొకటే నచ్చింది, ఏ నెల లోటో వెంటనే తెలుస్తుంది. మొదటి సంచిక 1947 జులైలో వచ్చింది కనక 1947లో ఆరే ఉండాలి, మిగతా మామూలు ఏళ్ళకి పన్నెండు. మీరు ఏది ఎంచుకున్నా ముందే ఎంచుకోండి, సగంలో మార్చకండి.

నెలని పేరుతో రాయకండి. కంప్యూటరు అక్షరక్రమంలో పేరుస్తుంది కాబట్టి అక్టోబరు మొదట వస్తుంది, తర్వాత ఆగస్టు, ఆ తర్వాత ఏప్రిల్, జనవరి. సీరియల్ చదవబోతే రాకుమారుడు రాక్షసుణ్ణి చంపేశాక బయలుదేరతాడు! 'చందమామ-1962-08' అని ఏడాది ముందు, నెల రెండంకెల్లో రాస్తే ఎక్కడ తెరిచినా వరస తప్పదు. పేజీలకి కూడా 001, 002 అనే వేయండి. వట్టి 1, 2 అని వేస్తే విండోస్‌లో బాగానే కనిపించి, కొన్ని ప్రోగ్రాముల్లో 1 తర్వాత 10 వచ్చేస్తుంది.

ఒక సంచిక బొమ్మలన్నీ ఎంచుకుని జిప్ చేసి, చివరి 'జిప్' మాట తీసి 'సీబీజెడ్' అని మార్చితే అదే పుస్తకం ఫైలు. ఇంతకంటే అందులో మాయ లేదు. విండోస్ ఆ చివరి మాటని దాచిపెడుతుంది కనక వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న దగ్గర టిక్కు పెట్టుకోండి, లేకపోతే మీరు మార్చాననుకుంటారు, మారదు.

మన దగ్గర ఇంకో తికమక ఉంది. 1936లో సరిహద్దు మారి మనం ఒడిశాలోకి వచ్చాక, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయింది కదా. అందుకే చాలా ఇళ్ళలో తెలుగు చందమామతో పాటు దాని ఒడియా పత్రిక జహ్నమామూ ఉంటుంది. రెండింటిలో బొమ్మలు చాలావరకు ఒకటే. ఒకావిడ రెండూ ఒకటేననుకుని 'డూప్లికేట్లు' అంటూ తెలుగువి తీసేసింది. కాబట్టి పై ఫోల్డరే భాషది పెట్టండి: తెలుగు, దాని లోపల చందమామ, దాని లోపల 1962. ఒడియాది పక్కన వేరే. తెలుగు చదవడం రాని మనవలకి రెండు భాషల్లో అదే కథ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. మా ఇంట్లో అలాగే ఒకడికి గుణింతం వచ్చింది.

అట్ట పోయిన సంచికలని పారేయకండి. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ చూడండి, నెల పేరు దొరుకుతుంది. లేదా ముందు వెనక సంచికల్లో సీరియల్ ఎంతవరకు వచ్చిందో పోల్చండి. నెల తేలకపోతే '1962-00' అని వేసి ఉంచండి, ఊహించి రాయకండి.

అమర చిత్ర కథలకి ఈ పద్ధతి కుదరదు. ఒకే కథ వేర్వేరు ముద్రణల్లో వేర్వేరు నంబర్లతో వచ్చింది, అందుకని కథ పేరుతోనే పెట్టాలి. పేర్లు తెలుగులో పెట్టదలిస్తే ఫోన్లో టైపు చేసే యూనికోడ్ తెలుగే వాడండి. డీటీపీ సెంటర్ల అను ఫాంటు పేర్లు ఇక్కడ పనికిరావు. కాలిబర్ అనే ప్రోగ్రాములోకి ఎక్కిస్తే అది పుస్తకాలని తన ఫోల్డర్లలోకి కాపీ చేసుకుని, ఆ ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేస్తుంది. కంగారు పడకండి, లోపల తెలుగు పేరు అలాగే ఉంటుంది.

ఇంక నా తప్పు చెప్పాలి. ఇలాంటి ప్రోగ్రాములు ఎక్కించేటప్పుడు 'కాపీ'నా, 'మూవ్'నా అని అడుగుతాయి. మూవ్ అంటే అసలు చోటునుంచి తీసేసి కొత్త చోట పెట్టడం. సంఘం పాత ఉగాది ఫొటోల పెన్ డ్రైవ్ పెట్టి, జాగా కలిసొస్తుందని నేను మూవ్ నొక్కాను. మధ్యలో కరెంటు పోయింది. నలభై ఫొటోలు ఇక్కడా లేవు, అక్కడా లేవు. వాటి అసలు ఆల్బం ఇచ్చిన కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఎప్పుడూ కాపీయే నొక్కండి. అసలుది వేరే డిస్కులో మరొకటి ఉందని చూసుకున్నాకే చెరపండి.

ఇంటి ఫొటోలకీ ఏడాది, నెల, తేదీ, సందర్భం అనే వరసే. ప్రోగ్రాము దానంతట అది తేదీల వారీగా సర్దుతానంటే ఒప్పుకోకండి. 1971 పెళ్ళి ఫొటోని నిన్న స్కాను చేస్తే అది నిన్నటి ఫోల్డరులో పెడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన వాటి పేరులో ఉండేదీ తీసిన తేదీ కాదు.

ఒక్క మాట. రచయిత పోయాక 60 ఏళ్ళదాకా కాపీహక్కు ఉంటుంది. మనం ఇంట్లో చదువుకోవడానికి చేసుకుంటున్నాం, నెట్‌లో పెట్టకండి.

వచ్చే రెండు ఆదివారాలు సాయంత్రం 4 నుంచి సంఘం హాల్లో స్కానరుతో ఉంటాను. పుస్తకాలు ఎండలో కాదు, నీడన ఆరబెట్టి తీసుకురండి. మా దగ్గర 1958లో మూడు నెలలు లోటున్నాయి: మార్చి, జూన్, నవంబరు. ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి, అక్కడికే వచ్చి స్కాను చేసుకుంటాను.